వంటవాడి చేతులకు డాక్టరు చీటీ: నా అనుభవం

నిన్న సాయంత్రం నా ఫోనుకు పద్నాలుగు అంకెల నంబరు ఒకటి వచ్చింది. మొదటి అంకె 2. అంటే చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఆహార భద్రత రిజిస్ట్రేషన్. ముప్ఫై ఆరేళ్లుగా పెళ్లిళ్లకూ ఒడుగులకూ సంతర్పణలకూ వండుతున్న నేను ఇన్నాళ్లకు సర్కారు లెక్కలోకి ఎక్కాను. సంతోషించాలి. సంతోషంగానే ఉంది కూడా. కానీ మధ్యలో ఒక మంగళవారం ఉంది. దాని మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను. ఆలస్యమైతే మంచివాణ్ణయిపోయి అందరినీ క్షమించేస్తానేమోనని భయం.

ముందు నా సంగతి. మాది కోనసీమ. పెళ్లి వంటలు నా బతుకుతెరువు. ఆదివారాలు మా వీధి రామాలయం మండపంలో ఆడవాళ్లకు వంట నేర్పుతాను, డబ్బు తీసుకోను. ఇంట్లో నలుగురికి వండడం వాళ్లు నాకంటే బాగా ఎరుగుదురు. నేను నేర్పేది నాలుగు వందల మందికి వండడం. మనుషులు వందరెట్లు పెరిగారు కదా అని ఉప్పు, కారం వందరెట్లు వేస్తే కూర నోట పెట్టలేరు. నీళ్లు వందరెట్లు పోస్తే అన్నం జావ అవుతుంది, ఎందుకంటే గుండిగలో నీరు ఇంటి గిన్నెలో ఆవిరైనంతగా ఆవిరి కాదు. ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి నాలుగు ఆదివారాలు పడుతుంది. ఇప్పటికి నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆరుగురు కర్రీ పాయింట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నారు.

ఇక కార్తీక సోమవారాలు. శివాలయంలో అన్నసంతర్పణకు పదిహేనేళ్లుగా నేనే వండుతున్నాను. సరుకులు కమిటీవి, కష్టం నాది. ఆఖరి సోమవారం పదిహేను వందల విస్తళ్లు లేస్తాయి. క్వింటానర పైన బియ్యం, రెండు అండాల దప్పళం, పనసపొట్టు కూర, పులిహోర. ఒక్క ఏడు కూడా చివరి బంతికి దప్పళంలో నీళ్లు కలపలేదు. ఇది గొప్పగానే చెబుతున్నాను.

ఈ ఏడు వినాయక చవితి వెళ్లగానే కమిటీ కార్యదర్శి కబురు పెట్టాడు. "మేస్త్రిగారూ, వండేవారికి నంబరు ఉండాలట. మీతో పాటు పొయ్యి దగ్గర నిలబడేవాళ్లందరికీ డాక్టరు సర్టిఫికెట్టు కూడా కావాలి" అన్నాడు. పోయిన ఏడాది దాకా "మీ చెయ్యి పడితే చాలండీ" అన్న పెద్దమనిషి ఈయనే.

నంబరుకు దరఖాస్తు ఆన్‌లైన్లో, ఫోస్కోస్ అనే సర్కారు ఆహార భద్రత పోర్టల్లో. ఏడాది అమ్మకం ఒక హద్దు లోపు ఉన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ చాలు, అది దాటితే లైసెన్సు. ఆధార్, ఫొటో, వంట చేసే చోటు చిరునామా, అంతే. నేను కట్టినప్పుడు ఫీజు ఏడాదికి వంద. నేను అయిదేళ్లకు అయిదు వందలు కట్టాను. బజారులోని ఇంటర్నెట్ కొట్టు కుర్రాడు ఇదే పనికి రెండు వేల అయిదు వందలు అడిగాడు. ఆ కొట్టు గుమ్మం ఎక్కకండి. మీ ఇంట్లో ఇంటర్మీడియెట్ చదివే పిల్లో పిల్లవాడో ఉంటే చాలు.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాం. మీరు చేసే వ్యాపారం ఏ రకమని అడుగుతుంది. 2011 నిబంధనల్లో చిన్న ఆహార ఉత్పత్తిదారు అంటే ఎవరో చెబుతూ, మతపరమైన, సామాజికమైన సమావేశాల్లో ఆహారం పంచేవారిని కూడా అందులోనే చేర్చారు, కేటరర్‌ను మినహాయించి. మరి నేనెవరిని? పెళ్లిలో కూలి తీసుకుంటాను కనుక కేటరర్‌నా? గుడిలో తీసుకోను కనుక పంచేవాణ్ణా? మా మనవరాలు ఫోను పట్టుకుని నా మొహం చూస్తోంది. మా పక్క లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళాపాళా లేకుండా, వచ్చినవారి కులగోత్రాలు అడగకుండా జీవితమంతా అన్నం పెట్టారు. ఆవిడే ఈ కాలంలో ఉంటే ఏ గడిలో టిక్కు పెట్టేవారోనని నవ్వుకున్నాను. చివరికి ఆహార భద్రతాధికారికి ఫోను చేశాను. విసుక్కోకుండా చెప్పాడు. నా సంపాదన పెళ్లి వంటలది కనుక నేను కేటరర్‌గా, గుడి తరఫున పంచేది కమిటీ కనుక కమిటీ తన పేరున వేరుగా తీసుకోవాలి. ఈ మాట కార్యదర్శికి చేరవేసినప్పుడు ఆయన మొహం చూడవలసింది.

ఆహార భద్రత మీద శిక్షణ ఒక్క రోజు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలి, మధ్యలో ఉంచితే క్రిములు పెరుగుతాయి అన్నారు. ఉదయం పది గంటలకు వార్చి రాశి పోసిన అన్నం మధ్యాహ్నం మూడు గంటల బంతి దాకా గుడ్డ కింద ఉంచే మా అలవాటు గుర్తొచ్చి తల వంచుకున్నాను. ఆ రోజే థర్మామీటరు కొన్నాను. ఇప్పుడు మూడు విడతలుగా వారుస్తున్నాం.

ఇక మంగళవారం.

డాక్టరు సర్టిఫికెట్టును రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు జత చేయనక్కరలేదు. కానీ వంట దగ్గర పనిచేసే ప్రతివారికీ ఏడాదికొకసారి వైద్య పరీక్ష జరగాలి, తనిఖీకి వస్తే చూపించాలి. రిజిస్టరైన ఏ ఎంబీబీఎస్ డాక్టరైనా సంతకం చేయవచ్చునని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలియక, పెద్దదైతే పక్కాగా ఉంటుందని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. నాతో నా సహాయకులు ఇద్దరు, ఆదివారం తరగతి ఆడపిల్లలు ముగ్గురు. గంటన్నర వరసలో నిలబడ్డాక ఒక గదిలోకి పిలిచారు. బల్ల దగ్గర కూర్చున్నాయన డాక్టరు కాదు, ఫారాలు నింపే ఆయన. కళ్లు చూపించాను, సరే అన్నాడు. తర్వాత "చేతులు చాపండి" అన్నాడు.

చాపాను.

నా కుడిచేయి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లగా ఉంటుంది. పాతికేళ్ల కిందట ఒక పెళ్లిలో గాడిపొయ్యి మీది గుండిగ ఒరిగి మరిగే పులుసు మీద పడింది. చర్మం వచ్చింది కానీ రంగు రాలేదు. దాని చుట్టూ నూనె చిట్లిన నల్లచుక్కలు, ఆవాలు చల్లినట్టు. ఎడమ బొటనవేలి గోరు ఏటవాలుగా పెరుగుతుంది, పనసకాయ కొడుతుంటే కత్తి జారిన గుర్తు. ముందు రోజే పులిహోరకు ఇరవై కిలోల చింతపండు గుజ్జు పసుపు వేసి ఉడికించాను కనుక గోళ్లన్నీ పచ్చగా ఉన్నాయి.

ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. "ఇదేమిటి, బొల్లా?"

ఆ మాట వరసలో చివరి మనిషి దాకా వినిపించింది.

"కాలిన మచ్చ బాబూ, పులుసు పడింది" అన్నాను.

"వచ్చిన ప్రతివాళ్లూ అదే చెబుతారు. ఈ గోళ్లేమిటి, కామెర్లున్నాయా?"

"పసుపు."

"కడుక్కుని రావచ్చుగా!" వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నా ఆధార్ కాగితం ఇవ్వబోతే చేత్తో అందుకోలేదు, బల్ల మీద పెట్టమని పెన్నుతో చూపించాడు. ఫారం మీద చర్మం అన్నచోట ఎర్ర సిరాతో "అనుమానం" అని రాశాడు. చర్మ వైద్యులు గురువారం వస్తారు, అది తేలేదాకా వంట ముట్టుకోకండి అన్నాడు.

ఇన్నేళ్లలో నన్ను తిట్టినవాళ్లున్నారు. కూలి ఎగ్గొట్టినవాళ్లున్నారు. ఒక వియ్యంకుడు ఉప్పు తక్కువైందని విస్తరి విసిరికొట్టాడు. అవన్నీ నా వంట మీద వచ్చిన మాటలు, వంటతోనే తీర్చుకున్నాను. ఈ మాటకు ఏం వండి జవాబు చెప్పాలి? తల తిప్పి చూస్తే నా వెనకాల నిలబడ్డ మా చిన్నపిల్ల, ఇరవై రెండేళ్లది, తన మణికట్టును పమిట చెంగుతో చుట్టేసుకుంటోంది. అంతకు ముందు ఆదివారమే గారెలు వేస్తూ అక్కడ కాల్చుకుంది. "మాస్టారూ, నాకూ మచ్చ పడింది చూశారా!" అని మండపమంతా తిరిగి చూపించిన పిల్ల.

బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు.

బుధవారం ఒక షష్టిపూర్తి వంట ఒప్పుకుని ఉన్నాను, మూడు వందల మంది. ముట్టుకోకండి అన్నారు కనుక ముట్టుకోలేదు. మొండితనమనుకోండి. పొయ్యికి పది అడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముక్కుతోనే వంట నడిపించాను. "కందలో ఆవ ఎక్కువైంది, నిమ్మరసం పిండు. అటు చూడు, పోపులో మెంతులు మాడుతున్నాయి, దించు." ఒకసారి చెయ్యి దానంతటదే గరిటె వైపు వెళ్లింది. వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకున్నాను. ఆ ఇంటి పెద్దావిడ చూసి "ఏం మేస్త్రీ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. ఏం చెప్పను? నడుము నొప్పి అన్నాను.

గురువారం చర్మ వైద్యురాలు. నా కూతురి వయసు ఉంటుంది. చేయి తన చేతిలోకి తీసుకుని మచ్చ మీద వేలితో నొక్కింది, అరనిమిషం పట్టలేదు.

"ఏ పులుసండీ?" అంది.

"గుమ్మడికాయ దప్పళమమ్మా."

నవ్వింది. "పాత కాలిన మచ్చ, రంగు పోయిందంతే. అంటుకునేది కాదు. ఆ మాటకొస్తే బొల్లి కూడా అంటుకునేది కాదు, వంట మానమనడానికి అదేం కారణం?" అంటూ నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టింది. ఆ చీటీ పట్టుకుని మళ్లీ అదే బల్ల దగ్గరికి వెళ్లాను. ఎర్ర సిరాను కొట్టేశాడు. తప్పయిందని అనలేదు, నేను అడగనూ లేదు. టైఫాయిడ్ టీకా వేయించుకున్నాం, ఆరుగురికీ కాగితాలు వచ్చాయి. నంబరు సంగతి అయితే నిన్నటి దాకా పట్టింది.

నిబంధనల మీద నాకు కోపం లేదు. నిజానికి ఇంకా గట్టిగా ఉండాలంటాను. బజారులో బజ్జీల బాణలి చూడండి, నిన్నటి నూనెలో ఇవాళ్టి నూనె, దాంట్లో రేపటిది. టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే పదేపదే కాగిన నూనెలో పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నియమం ఉంది. అంతా నియమం తెలిసినవాళ్లే. మిఠాయిలో రంగు గుప్పించేవాడి చేతులు మాత్రం తెల్లగా, నున్నగా ఉంటాయి. ఆయన వెళితే ఆ బల్ల దగ్గర ఏ అనుమానమూ రాదు. కోపం కాదన్నాను కానీ చూశారా, మళ్లీ వచ్చేసింది.

వెళ్లేవాళ్లు ఉంటే రెండు మాటలు. పెద్ద ఆసుపత్రికి పోకుండా మీ ఊరి ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికే వెళ్లండి, మిమ్మల్ని ఎరిగినవాడైతే మరీ మంచిది. పాత కాలిన మచ్చలుంటే ముందే చర్మ డాక్టరు దగ్గర చీటీ రాయించుకోండి. నా చీటీకి లామినేషన్ చేయించి పోపుల పెట్టెలో పెట్టాను, ఏటా పనికొస్తుంది. కమిటీవారి మాటలకు పరిగెత్తకండి. నేను నంబరు తెచ్చానని చెబితే కార్యదర్శి ఆ కాగితం కనీసం విప్పి చూడలేదు, "పనసకాయలు ఎన్ని చెప్పమంటారు?" అని అడిగాడు. కమిటీ పేరున తీసుకోవలసింది ఇంకా తీసుకోలేదు.

తరగతిలో మిగిలిన అయిదుగురిని వచ్చే మంగళవారం పరీక్షకు తీసుకెళ్తున్నాను, ఈసారి మా ఊరి డాక్టరు దగ్గరికే. సోమవారం పసుపు పని పెట్టలేదు. వాడేసిన నిమ్మ డిప్పలు ఒక గిన్నెలో దాచి ఉంచాను, గోళ్లు రుద్దుకోవడానికి. మా చిన్నపిల్ల మాత్రం తనకు అక్కరలేదంది. ఆ కాలిన మచ్చ మీద చెంగు కప్పుకోకుండానే వచ్చింది ఇవాళ.