శనక్కాయ గింజకు ఇంటు మార్కు

మా పాప ఐదో తరగతి. సజీవులు ఒక పక్క, నిర్జీవులు ఒక పక్క రాసుకుని రమ్మన్నారంట, కుక్క, కాకి, వేపచెట్టు రాసి వాటి కింద శనక్కాయ విత్తనం అని కూడా రాసింది. దానికి ఎర్ర ఇంకుతో ఇంటు, పక్కన "కదలదు, పెరగదు" అని వివరణ. ఏ స్కూలో చెప్పను గానీ నాకు మాత్రం భలే మండింది.

కదలడమే ప్రాణమైతే అలిపిరి ఆటోకు మనకంటే ఎక్కువ ప్రాణం ఉన్నట్టు, డీజిల్ తాగుతుంది, పొగ వదులుతుంది, అరుస్తుంది కూడా. పెరగడం గురించి మొదలుపెట్టానో లేదో పాప అందుకుంది, "కాణిపాకం వినాయకుడు పెరుగుతాడంట కదమ్మా, పాత వెండి కవచం ఇప్పుడు పట్టదంట, మరి?" దేవుడి సంగతి నోట్సులోకి తేవద్దు తల్లీ అని మాట కలకండ మీదికి మళ్ళించాను. చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే కలకండ కూడా లావవుతుంది, కాకపోతే బయటి చక్కెర వచ్చి పైపైన అతుక్కోవడమే అది. జీవి తిన్నదాన్ని లోపల మార్చుకుని తన ఒళ్ళు చేసుకుంటుంది, కణాలు విడిపోతూ పెరుగుతుంది. పోనీ పిల్లల్ని కనేదే జీవి అందామా అంటే పాపం పిల్లలు పుట్టని కంచరగాడిద రాళ్ళ జాబితాలోకి పోతుంది.

ఇదంతా వింటున్న మా అమ్మ, పాకాల పక్క పల్లెలో ముప్పై ఏళ్ళు చేను చేసిన మనిషి, "ఆ గింజ చావలేదు పాపా, నిద్రపోతా ఉంది" అనేసి లోపలికి పోయి రెండు గుప్పిళ్ళు గింజలు తెచ్చింది. ఒకటి విత్తనానికి దాచినవి, అప్పుడే కాయ ఒలిచినవి. ఇంకొకటి చట్నీకి వేయించినవి. పదేసి లెక్కపెట్టి రెండు తడిగుడ్డల్లో మూట కట్టింది.

విత్తనం కాయలు ముందే ఒలిచి పెట్టుకోకూడదని అమ్మ ఎప్పుడూ అంటుంది. ఒలిచిన గింజ త్వరగా పాడవుతుంది, దానికి పైన ఆ కాయ డొల్లే రక్ష. లోపలి పిండం చాలా నెమ్మదిగా అయినా శ్వాసిస్తూనే ఉంటుంది, దాచుకున్న నూనెనూ మాంసకృత్తులనూ కొద్దికొద్దిగా ఖర్చు పెట్టుకుంటూ. కొన్ని రకాలకు ఆ నిద్ర కూడా సరిగ్గా ఉండదు, కోతప్పుడు వాన పట్టుకుంటే చేలోనే మొలకలొచ్చేస్తాయి, రైతు నెత్తిన చేతులు పెట్టుకుంటాడు. ఖర్జూరం మాత్రం మొండిది. ఇజ్రాయెల్‌లో మసాదా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు 2000 ఏళ్ళ నాటి గింజను 2005లో నాటితే మొలిచింది. అన్నేళ్ళూ దాన్ని ఏ జాబితాలో రాయాలి?

వైరస్ ఇంకా చిక్కు. 1935లో వెండెల్ స్టాన్లీ అనే అమెరికా శాస్త్రవేత్త పొగాకు మొక్కకు తెగులు తెచ్చే వైరస్‌ను ఉప్పులాగా స్ఫటికాలుగా చేసి చూపించాడు. సీసాలో ఉన్నంతసేపూ అది ఉత్త పొడి. ఆకుకు రుద్దితే మళ్ళీ తెగులే. దీని మీద పెద్దవాళ్ళే ఇంకా తేల్చుకోలేదు, ఐదో తరగతికి ఆ టెన్షన్ ఎందుకులే అని వదిలేశాను.

మూడో రోజు పొద్దున మూటలు విప్పాం. పచ్చివాటిలో ఎనిమిదింటికి తెల్లటి వేరు, గోరంత, కొస కొంచెం వంగి, గుడ్డ నూలులోకి దిగి పట్టుకుంది, లాగితే చిన్నగా చప్పుడొచ్చింది. వేయించినవి మెత్తబడి జిగురు జిగురుగా ఉన్నాయి, రెండింటి మీద బూజు.

పాప కాసేపు చూసి, "ఇది చచ్చింది, దీని మీదది బతికుంది. అమ్మా, చచ్చిపోయినవాటికి వేరే గడి ఎందుకు ఇవ్వలేదు?" అంది. నిజమే, రాయి ఎప్పుడూ బతికింది లేదు. వేయించిన గింజా, మా ఇంట్లో ఎర్రచందనం బొమ్మా ఒకప్పుడు బతికినవి. రాయినీ వీటినీ ఒకే గడిలో ఎట్లా కుక్కుతాం?

బూజు గింజలు మా అమ్మ దిబ్బలో పారేసింది (మీరూ పారేయండి, శనక్కాయ బూజులో విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు). మొలకలు మాత్రం పెరట్లో కుండీలోకి పోయాయి. పాప నోట్సులో స్కేలు పెట్టి మూడో గీత గీసింది, సోమవారం టీచరుకు చూపిస్తుందంట.