రెండు లక్షల మైళ్ల ఇంజన్, ఆటోనగర్ బాబాయ్

2023 అక్టోబరు నాటికి నా కారు 2,18,000 మైళ్లు తిరిగింది, మన లెక్కలో మూడున్నర లక్షల కిలోమీటర్లు. జపాన్ కారు, 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. అమెరికాలోని ఒహాయో వచ్చిన కొత్తలో ఒక తెలుగాయన దగ్గర కొన్నాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ, ఎనిమిది వందల మైళ్లకు ఒక క్వార్ట్, అంటే దాదాపు లీటరు, ఆయిల్ తాగేసేది. కొలంబస్‌లో నేనుండే చోటి నుంచి క్లయింట్ ఆఫీసు 38 మైళ్లు, అటు బస్సు లేదు. కారు ఆగితే ఆఫీసుకి వెళ్లలేను, హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి 60 రోజులే గడువు, అందుకే ఆ పొగ కనిపించినప్పుడల్లా టెన్షన్ వచ్చేది.

షాపులో అడిగితే ఇంజన్ విప్పం అన్నారు. దీన్ని తీసేసి ఇంకో పాత ఇంజన్ పెడతారట, 5,200 డాలర్లు. కారు అమ్మితే నాలుగు వేలు కూడా రావు. నెలనెలా వెయ్యి డాలర్లు ఊళ్లో ఇంటి అప్పుకి పంపుతున్నాను, కొత్త కారు లోన్ మాట ఎత్తే స్థితి కాదు.

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మేస్త్రి. పదో తరగతి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని పానాలు అందించేవాణ్ణి, డీజిల్‌లో సామాన్లు కడిగేవాణ్ణి. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే అక్కడ ఉదయం ఏడున్నర. "ఇక్కడ మెకానిక్ కూలీ 150 డాలర్లు బాబాయ్" అన్నాను. "రోజుకా?" అన్నాడు. గంటకి అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. పన్నెండు వేల రూపాయలు దాటిన మాట. ఆయన మధ్యాహ్నం ఎండలో రేకుల షెడ్డు కింద క్రాంక్ షాఫ్ట్ మోసిన రోజులు నాకు తెలుసు, ఆ నెలల్లో ఇంటికి ఎంత తెచ్చేవాడో కూడా తెలుసు. తర్వాత ఒక్కటే అన్నాడు: "రింగులు పోయాయో, వాల్వు సీళ్లు పోయాయో ముందు తేల్చుకోరా. ఊరికే విప్పకు."

రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి గాలిని, ఆయిల్‌ని ఆపేవి. అవి పోయాయో లేదో తేల్చాలంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ కావాలి, దాన్ని కొనక్కర్లేదు. ఇక్కడ ఆటో పార్ట్స్ దుకాణాల్లో డిపాజిట్ కడితే పనిముట్లు ఇస్తారు, తిరిగి ఇచ్చేస్తే డబ్బంతా వెనక్కి. మూడు సిలిండర్లు 140కి అటూ ఇటూ చూపించాయి, మూడో నంబరు సిలిండర్ మాత్రం 105 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపించింది. ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే అదే సిలిండర్ 150 దాకా లేచింది. ఆయిల్ పోస్తే పెరిగిందంటే గాలి రింగుల పక్క నుంచి పోతున్నట్టే.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు విప్పకూడదని లీజులోనే ఉంది. ఒక స్నేహితుడు తన గ్యారేజీలో సగం ఇచ్చాడు. థాంక్స్ గివింగ్ నాలుగు రోజుల సెలవు చూసుకుని మొదలుపెట్టాను. ఆటోనగర్‌లో చైన్ కప్పీతో ఎత్తేవాళ్లు, నేను హాయిస్ట్ అద్దెకు తెచ్చాను. ప్రతి వైరు విప్పేముందు ఫొటో తీశాను, ప్రతి బోల్టు ఏ భాగానిదో రాసి జిప్ కవర్లో వేశాను. ఇది మాత్రం ఎవరూ మానకండి. ఐదు వారాల తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో ఎంత తెలివైనవాడికైనా గుర్తుండదు.

పిస్టన్లు బయటికి తీశాక జబ్బు కంటికి కనిపించింది. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని ఆయిల్ రింగ్ గీకితే, అది పిస్టన్‌లోని సన్నటి రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఆ రంధ్రాలు మసితో పూర్తిగా మూసుకుపోయాయి, రింగు గాడిలో అతుక్కుపోయి కదలడం లేదు. ఆయిల్ పైనే ఉండి మండిపోతోంది.

బడ్జెట్ అనగానే అందరూ చవక పార్ట్స్ వెతుకుతారు, అది తప్పు. రింగులు, బేరింగులు, గ్యాస్‌కెట్లు మంచివే కొనాలి, ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్డు మెషిన్ షాపుకే ఇవ్వాలి. ఆదా అయ్యేది కూలీ ఒక్కటే, ఆ కష్టాన్ని మాత్రం పిసినారితనం లేకుండా పెట్టాలి. గాడులు, గ్యాస్‌కెట్ ముఖాలు శుభ్రం చేయడానికే రెండు శని, ఆదివారాలు పట్టింది. సిలిండర్లు షాపులో కొలిపిస్తే అరుగుదల పరిమితి లోపలే ఉంది, సిలిండర్‌ని తొలిచి వెడల్పు చేసే బోరింగ్ అక్కర్లేదు, రాతితో గోడల్ని సన్నగా గీకే హోనింగ్ చాలు. హోనింగ్ చేశాక బ్లాకుని వేడి నీళ్లు, సబ్బుతో కడిగాను. తెల్లగుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటుకుంటూనే ఉంది. ఆ రాతిపొడి మిగిలితే కొత్త రింగుల్ని తినేస్తుంది. ఏడోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది, ఆ వెంటనే ఆయిల్ పూయకపోతే సిలిండర్ల ఇనప గోడలకి పది నిమిషాల్లో తుప్పు మొదలవుతుంది. కొత్త రింగుని సిలిండర్ బోరులో పెట్టి దాని రెండు కొసల మధ్య సందు సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో కొలిచాను, 88.5 మిల్లీమీటర్ల బోరుకి 0.35 మిల్లీమీటర్లు వచ్చింది. బాబాయ్ వీడియో కాల్‌లో ఆ ఫీలర్ గేజ్ చూసి తల ఊపాడు.

హెడ్డు బిగించే రోజు దెబ్బ తగిలింది. ఈ బోల్టులు ఒకసారి వాడితే సాగిపోతాయి, కొత్తవే వేయాలి, ముందు ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే టార్క్ రెంచితో బిగించి తర్వాత మరో 90 డిగ్రీలు తిప్పాలి. వెనక వైపు బోల్టు ఒకటి తిరుగుతూనే ఉంది, బిగియడం లేదు. అల్యూమినియం బ్లాకులో మర ఊడిపోయింది. ఆ చలిలో నాకు చెమట పట్టింది, నేల మీద కూర్చుండిపోయాను. "ఇంకా తిప్పకు నాన్నా, తీసెయ్. మర కొత్తది వెయ్యొచ్చు. లారీలకి వేలసార్లు వేశాం" అన్నాడు బాబాయ్. ఆ మాట వినకపోతే ఆ రాత్రి వదిలేసేవాణ్ణి. ఊడిన మర చోట కొత్త మర పెట్టే ఇన్సర్ట్ కిట్, మళ్లీ కొత్త గ్యాస్‌కెట్, కొత్త బోల్టులు కలిపి ఇంకో 230 డాలర్లు. హాయిస్ట్ అద్దె, మెషిన్ షాపు అన్నీ లెక్కేస్తే మొత్తం 1,425 అయింది. వెనక ఉన్న బోల్టులన్నింటికీ అప్పుడే ఇన్సర్ట్‌లు వేశాను, నేనైతే ఎవరికైనా మొదట్లోనే వేసుకోమంటాను.

డిసెంబరు ఆఖరి ఆదివారం, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేసి, ఆయిల్ ప్రెజర్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పి, తర్వాత ఫ్యూజు పెట్టి తాళం తిప్పాను. రెండు నిమిషాలు పొగ వచ్చింది, అసెంబ్లీలో పూసిన ఆయిల్ అది. తర్వాత ఆగింది. ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టమన్నాడు బాబాయ్. విన్నాడు, ఏమీ అనకుండా ఇంకాస్త వినిపించమన్నాడు.

మొదటి ఆయిల్ ఇరవై మైళ్లకే మార్చాను, రెండోది ఐదు వందలకి. ఇప్పుడు నాలుగు వేల మైళ్లు దాటింది, పోసిన ఆయిల్ గీత నుంచి పెద్దగా దిగలేదు. ప్రతి ఆదివారం డిప్‌స్టిక్ ఫొటో తీసి బాబాయ్‌కి పంపుతాను. నిన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు: "రంగు కాస్త నల్లబడిందిరా. ఈ వారంలో మార్చెయ్."