తమ్ముడి రిపోర్టు చూశాక నేను చేయించుకున్న పరీక్ష

తమ్ముడికి నలభై నిండకుండానే పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. డాక్టర్ మా వంశవృక్షం గీయించారు. పిన్ని గర్భాశయ క్యాన్సర్‌తో పోయిందని చెప్పగానే ఆయన పెన్ను ఆగింది. పేగుకూ గర్భసంచికీ సంబంధం ఉంటుందని మేమెవరమూ ఊహించలేదు. ఆ రెండూ ఒకే ఇంట్లో కనబడితే లించ్ సిండ్రోమ్‌ను అనుమానించాలట. అంటే డీఎన్ఏలో తప్పులు దిద్దే జన్యువుల్లో ఒకటి వంశపారంపర్యంగా చెడి, ఈ క్యాన్సర్ల ముప్పు పెరగడం.

కణం విడిపోయే ముందు డీఎన్ఏకు నకలు తీస్తుంది. అందులో దొర్లిన తప్పులను ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ప్రోటీన్ల జంట పసిగడుతుంది. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 జంట తోడై తప్పున్న ముక్కను తీయిస్తుంది. ఈ మరమ్మతు గుట్టు విప్పినందుకే 2015 రసాయన శాస్త్ర నోబెల్‌లో పాల్ మోడ్రిచ్‌కు వాటా దక్కింది.

తమ్ముడి కణితి ముక్కకు ఈ నాలుగింటి కోసం రంగు పరీక్ష చేశారు. పాథాలజిస్టు ఓపికగా తెరమీద చూపించారు. చుట్టుపక్కల మామూలు కణాల కేంద్రకాలు గోధుమరంగులో ఉన్నాయి, అంటే అక్కడ ఎంఎస్‌హెచ్2 ఉంది. కణితి కేంద్రకాలన్నీ వట్టి నీలం. జత పోతే ఎంఎస్‌హెచ్6 కూడా నిలవదు కాబట్టి రెండో స్లైడూ అలాగే ఉంది. నాకు అసలు విషయం బోధపడింది అక్కడే.

తర్వాత తమ్ముడి రక్తంలో ఆ జన్యులోపం ఎక్కడుందో తేల్చారు. నాకు ఆ ఒక్క చోటు చూస్తే సరిపోయింది. దయచేసి ఈ వరుస తప్పకండి: వీలైతే ముందు జబ్బుపడినవారికి, ఆ తర్వాతే మిగతావారికి. ఏం వెతకాలో తెలియకుండా చేయించుకున్న పరీక్షలో ఏమీ దొరకకపోయినా ధైర్యం చెప్పుకోలేం.

ఆ లోపం నాకు రావడానికి సగం అవకాశం. వచ్చింది.

ప్రతి కణంలో ఆ జన్యువుకు రెండు ప్రతులుంటాయి, ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. ఏ కణంలోనైనా అదీ పోతే తప్పులు గుట్టలుగా పేరుకుంటాయి. అందుకే ఈ లోపం ఉన్నవారిలో పాలిప్ (పేగు లోపలి గోడమీద మొలిచే చిన్న కండ) క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పట్టే పదేళ్లు పట్టదు, రెండు మూడేళ్లలోనే మారవచ్చు. ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, తప్పదన్నారు. పేగు ఖాళీ చేసే మందు తాగడమే కష్టం, పరీక్ష మత్తులో గడిచిపోయింది. చిన్న పాలిప్ కనబడితే అప్పుడే తీసేశారు. గర్భసంచి తీయించుకోవడం గురించి గైనకాలజిస్టుతో మాట్లాడుతున్నాను.

పిన్ని కొడుకులిద్దరికీ తమ్ముడి రిపోర్టు పంపాను. పెద్దవాడు రక్తం ఇచ్చి వచ్చాడు. చిన్నవాడు ఇంకా భయపడుతున్నాడు, వారం వారం ఫోను చేస్తున్నాను.