కొళాయి కింద గుంటగలగరాకు

అవ్వకు తలనూనె కాచడానికి పొద్దున్నే లేచి గుంటగలగరాకు కోశాను. నిరుడు ఊరికి పోయినప్పుడు కాలవ గట్టు మీద నుంచి నాలుగు కొమ్మలు తెచ్చి పెరటి కొళాయి కింద గుచ్చితే, కణుపు కణుపుకూ వేళ్లు దిగి ఇప్పుడు జానెడు ఎత్తున అల్లుకుంది. దానికి ఎప్పుడూ కాళ్ల కింద తడి ఉండాలి. మా అనంతపురంలో తడి ఎక్కడిది! అందుకే కొళాయి కారే చుక్కలూ, బియ్యం కడిగిన నీళ్లూ దానికే.

అంతకుముందు నర్సరీలో ఇదేనని ఇచ్చిన మొక్క పసుపు పూలు పూసింది. అది వేరే జాతి. నా మొక్కవి తెల్లపూలు, చొక్కా గుండీ కన్నా చిన్నవి. ఆకు నలిపితే ముందు పచ్చరసం, కాసేపటికి వేళ్లు నల్లగా! అవ్వ చిన్నప్పుడు ఈ ఆకూ బొగ్గూ కలిపి నూరి బడి పలకకు రుద్దేవాళ్లంట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి.

నూనెకు నాలుగింతల రసం పోయాలంటారు. కోసిందంతా రోట్లో దంచి గుడ్డలో పిండితే గ్లాసుడే వచ్చింది, కాబట్టి పావు గ్లాసు కొబ్బరినూనె. సన్నసెగ మీద పెట్టి గంట పైనే కూర్చున్నాను. మధ్యలో దించబోతే అవ్వ అరుగు మీంచే కేకేసింది. "పాపా, ఇంకా సిటపటమంటాంది, దించొద్దు!"

నిజమే, నీళ్లు మిగిలితే నాలుగు రోజులకే నూనె కంపు కొడుతుంది. చివర్లో దూదివత్తిని అందులో ముంచి వెలిగించాను. మొదటిసారి చిటచిటలాడింది. ఇంకాసేపు కాచి మళ్లీ వెలిగిస్తే చప్పుడు లేకుండా నిలబడి వెలిగింది. అడుగున మడ్డిని వేళ్ల మధ్య నలిపితే సన్నగా వత్తిలా సాగింది. అప్పుడు దించి వడగట్టాను. ముదురు ఆకుపచ్చ రంగు, పచ్చిగడ్డి వాసన.

సాయంత్రం అవ్వ తలకు పెట్టాను. నెరిసిన జుట్టు దీంతో మళ్లీ నల్లబడుతుందని నేను నమ్మను. మాడు చల్లగా ఉందంటూ ఆమె కళ్లు మూసుకుంది, నాకు అది చాలు. జడ వేసేలోపే కునుకు పట్టింది.

పిండిన గుడ్డను పారెయ్యలేదు. కాసింత రసంలో మళ్లీ తడిపి నీడన ఆరేశాను. ఎండాక వత్తి చేసి, ఆముదం పోసి వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లిస్తే కాటుక పడుతుంది. అక్క బిడ్డకు బుగ్గ మీద చుక్కకు. కంట్లో మాత్రం పెట్టనియ్యను.

కోసిన మోళ్లకు రాత్రి రెండు చెంబులు నీళ్లు పోశాను.