కేయూ (కాకతీయ విశ్వవిద్యాలయం)లో పీజీ చేస్తూ నెట్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

పీజీ అయిపోయాక నెట్ సంగతి చూద్దామని ఆగేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆగొద్దు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే జాతీయ పరీక్ష యూజీసీ నెట్‌ను ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. క్వాలిఫై అయితే ఫలితం వచ్చిన తేదీ నుంచి రెండేళ్లలో పీజీ పూర్తిచేసి 55 శాతం మార్కులు చూపిస్తే చాలు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాని) ఓబీసీ, దివ్యాంగులకైతే 50 శాతమే. విద్యారణ్యపురి క్యాంపస్‌లో గది, మెస్, లైబ్రరీ, డౌట్ అడిగితే చెప్పే సార్లు ఉన్నప్పుడే చదువు సాగుతుంది. నాలుగో సెమిస్టర్ పరీక్షలయ్యాక హాస్టల్ ఖాళీ చేసి, హన్మకొండలో గది అద్దె కట్టుకుంటూ చదవడం ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన పిల్లలకు చాలా భారం.

పేపర్ 1లో 50 ప్రశ్నలు, 100 మార్కులు. పేపర్ 2లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండూ కలిపి ఒకే సిట్టింగ్, మూడు గంటలు, మధ్యలో బ్రేక్ లేదు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్ కూడా వదలకూడదు. సైన్స్ వాళ్లు రాసే సీఎస్ఐఆర్ నెట్ వేరు, అందులో నెగెటివ్ ఉంది. ఆ రెండింటినీ కలిపి సలహాలిచ్చే వీడియోలు నమ్మకండి.

తెలుగు సబ్జెక్టు, కోడ్ 27, రాసేవాళ్లకు పేపర్ 2 తెలుగులోనే వస్తుంది. భాషా సబ్జెక్టులు కాక మిగతావన్నీ ఇంగ్లిష్, హిందీల్లోనే ఇస్తారు. పేపర్ 1 అందరికీ అంతే. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. విషయం తెలిసి ఉంటుంది, ప్రశ్న అర్థం కాదు. దీనికి ఒక్కటే మార్గం: సొంత నోట్స్ తెలుగులో రాసుకున్నా, ప్రతి సాంకేతిక పదాన్నీ పక్కనే ఇంగ్లిష్‌లో కూడా రాసుకోవడం. దీన్ని మొదటి రోజు నుంచే చేయాలి. చివరి నెలలో కూర్చుని రాస్తే పదం కంటికి అలవాటు కాదు.

పేపర్ 1లో పది యూనిట్లు, ఒక్కోదాని నుంచి 5 ప్రశ్నలు. కొద్ది సమయంలో ఎక్కువ మార్కులు ఇచ్చేది లాజికల్ రీజనింగ్. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి, అనుపలబ్ధి అనే ప్రమాణాలు (జ్ఞానం పొందే మార్గాలు) మన చెవికి కొత్తవి కావు. వాటిని మనం తొందరగా పట్టుకోవచ్చు. పరస్పర వ్యతిరేక వాక్యాల చతురస్రం (స్క్వేర్ ఆఫ్ అపోజిషన్) మాత్రం కాగితం మీద గీసి నేర్చుకోండి. ‘పాకాల చెరువు కింద పొలాలన్నీ తడిశాయి’ అన్నది అబద్ధం అనుకుందాం. అప్పుడు ‘కొన్ని పొలాలు తడవలేదు’ అన్నది తప్పకుండా నిజం. ‘ఏ పొలమూ తడవలేదు’ అన్నది నిజమో కాదో చెప్పలేం. ఎక్కువమంది ఈ మూడో వాక్యాన్ని నిజమని పెట్టి రెండు మార్కులు పోగొట్టుకుంటారు. ‘అన్నీ’కి ‘ఏదీ లేదు’ సరైన విరుద్ధం కాదు, ‘కొన్ని కాదు’ అన్నదే విరుద్ధం. ఇంత పట్టుకుంటే ఆ తరహా ప్రశ్న ఎలా తిప్పి ఇచ్చినా వస్తుంది.

ఉన్నత విద్య యూనిట్‌లో కాలక్రమం ప్రశ్నలు తరచూ వస్తాయి. 1854 వుడ్స్ డిస్పాచ్, 1857 మూడు ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయాలు, 1882 హంటర్ కమిషన్, 1948-49 రాధాకృష్ణన్ కమిషన్, 1956 యూజీసీ చట్టం, 1964-66 కొఠారి కమిషన్, 1986 జాతీయ విద్యా విధానం, 1994 కాలేజీలకు, వర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్, 2020 కొత్త విధానం. వరుస మొత్తం గుర్తులేకపోయినా అన్నింటికంటే ముందుదీ చివరిదీ తెలిస్తే నాలుగు ఆప్షన్లలో రెండు ఎగిరిపోతాయి. డేటా పట్టిక ప్రశ్నలకు కాలిక్యులేటర్ ఉండదు. అందుకే శాతాలు, నిష్పత్తులు చేత్తో వేయడం రోజూ సాధన చేయాలి.

టైమ్ విషయంలో, పేపర్ 1కు 50 నుంచి 55 నిమిషాలు మించి ఇవ్వొద్దు. మా అభిప్రాయంలో ముందు పేపర్ 2 తెరవడమే మేలు. పట్టిక లెక్కల దగ్గర ఇరుక్కుని 20 నిమిషాలు పోగొట్టుకున్నవాళ్లు ఆ కంగారులో తమ సొంత సబ్జెక్టులో తెలిసినవీ తప్పు పెడతారు. జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) తెచ్చేది ఎక్కువగా పేపర్ 2లోని ఆ 200 మార్కులే. దానికి నాలుగు గైడ్ పుస్తకాలు కొనకండి. యూజీసీ సిలబస్ ప్రింట్ తీసి, ఒక్కో యూనిట్‌కు మీ డిపార్ట్‌మెంట్ లైబ్రరీలోని ప్రామాణిక పుస్తకం ఒకటి పెట్టుకుని, దాని మీద పాత పేపర్లు చేయండి.

ఇప్పుడు కాగితాల సంగతి. దరఖాస్తు గడువు చివరి వారంలో మీసేవ చుట్టూ తిరిగే పరిస్థితి తెచ్చుకోకండి. బీసీ-ఎ, బీసీ-డి అని ఉండే మన రాష్ట్ర సర్టిఫికెట్ నెట్‌కు సరిపోదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలూ ఉన్నాయి, ముందే చూసుకోండి. ఆ సర్టిఫికెట్ లేకుండా ఓబీసీ అని టిక్ పెట్టి ఆ కటాఫ్‌తో క్వాలిఫై అయితే, వెరిఫికేషన్‌లో ఆ ఫలితం నిలవదు. క్రీమీలేయర్ 8 లక్షల వార్షిక ఆదాయ పరిమితి లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. తల్లిదండ్రుల ఉద్యోగ హోదాకు వేరే నియమం ఉంది. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ అయింది. పాత సర్టిఫికెట్‌లో పాత జిల్లా పేరుంటే కొత్తది తీసుకోవడం నయం. రాష్ట్ర స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రెన్యూవల్‌కూ ఇదే జాగ్రత్త: పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి.

ఫలితం మూడు రకాలుగా వస్తుంది: జేఆర్ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండింటిలో ప్రవేశానికి నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)గా 42,000. వర్సిటీ నుంచి నెలనెలా నిర్ధారణ వెళ్తేనే డబ్బు పడుతుంది, ఆ ఫైల్ చూసే సెక్షన్ ఏదో చేరిన వారంలోనే తెలుసుకోండి.

ఆఖరి చిక్కు పీహెచ్‌డీ చేయించే గైడ్ దగ్గర. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ 8 మంది స్కాలర్లను, అసోసియేట్ 6 మందిని, అసిస్టెంట్ 4 మందిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోరు. పోస్టులు ఖాళీగా ఉన్న డిపార్ట్‌మెంట్లలో జేఆర్ఎఫ్ చేతిలో ఉన్నా గైడ్ దొరక్క నెలలు గడిచిపోతాయి. కాబట్టి పరీక్ష రాసి ఫలితం కోసం చూసే వారాల్లోనే కేయూతో పాటు శాతవాహన, తెలంగాణ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో మీ సబ్జెక్టు గైడ్లు ఎవరు, ఎవరి దగ్గర ఖాళీలున్నాయో వాకబు చేయండి. రెండు మూడు పేజీల పరిశోధన ప్రతిపాదన రాసి, మీకు పాఠం చెప్పిన సార్‌కో మేడమ్‌కో చూపించి దిద్దించుకోండి.