ఫ్లిప్ నమూనా: లేచింది, కానీ నిటారుగా నిలబడదే!

నిన్న రాత్రి పదకొండింటికి సంపు పక్కన బోర్లా పడుకుని, నోట్లో టార్చి కరుచుకుని చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి "వచ్చేసింది!" అని అరిచాను. నోరు తెరవగానే టార్చి కాస్తా నీళ్లలో పడింది. ఆ చప్పుడుకు ఇంట్లోవాళ్లు నేనే పడ్డాననుకుని పరుగెత్తుకొచ్చారు. అడుగుకు చేరిన టార్చి ఆరిపోలేదు. కింది నుంచి వస్తున్న ఆ వెలుగులో నా ఫ్లిప్ ఓడ నమూనా సంపు మధ్యలో నిటారుగా, ఊగకుండా నిలబడి ఉంది. ఆరు వారాలుగా నన్ను ఏడిపించిన వంపు లేదు.

ఈ ఆరు వారాల సంగతి కాస్త వివరంగానే రాస్తాను. తప్పు చాలా చిన్నది. నేను వెతికిన చోట్లలో మాత్రం అది లేదు.

వింత పడవల పిచ్చి ఉన్నవాళ్లకు ఫ్లిప్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చెప్పకుండా ఉండలేను. 1962లో అమెరికాలో కట్టారు. పొడవు 108 మీటర్లు. సొంత ఇంజిన్ లేదు, ఇంకో ఓడ లాక్కెళ్లాల్సిందే. అనుకున్న చోటికి చేరాక వెనక ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు వదులుతారు. తోక మునుగుతుంది, ముక్కు లేస్తుంది, మొత్తం ఓడ 90 డిగ్రీలు తిరిగి నిలువుగా నిలబడుతుంది. 91 మీటర్లు నీళ్ల కింద, 17 మీటర్లు పైన. పని అయ్యాక గాలి కొట్టి నీళ్లు బయటికి నెడితే మళ్లీ పడుకుంటుంది. నీటి అడుగున ధ్వని ఎలా సాగుతుందో కొలవడానికి అలలకు ఊగని వేదిక కావాలని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు దీన్ని తయారు చేయించుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చేది లోపలి గదులు. పడుకున్నప్పుడు గోడగా ఉన్నది నిలబడ్డాక నేల అవుతుంది కదా, అందుకని బాత్రూంలో రెండు వాష్‌బేసిన్లు ఉంటాయి, ఒకదానికొకటి అడ్డంగా. 2023లో దీన్ని తుక్కుకు పంపించారని తెలిసిన రోజే నమూనా చేయాలనుకున్నాను. 2024లో బ్రిటన్‌కు చెందిన డీప్ అనే సంస్థ దాన్ని కొని బాగు చేయించడానికి ఫ్రాన్స్ తీసుకెళ్లింది. నా పని వేగం చూస్తే అసలుదే ముందు నీళ్లలోకి దిగేలా ఉంది.

స్కేలు 1:100. ఇందులో ఒక అదృష్టం ఉంది. అసలు ఓడ కింది సగం వ్యాసం సుమారు 6.1 మీటర్లు, పైకి వచ్చేసరికి సన్నబడి 3.8 మీటర్లు. బజార్లో దొరికే 63 మి.మీ., 40 మి.మీ. పీవీసీ పైపులు ఈ కొలతలకు దాదాపు సరిపోతాయి. 46 సెం.మీ. లావు పైపు, 27 సెం.మీ. సన్నబడే భాగం, ఆ పైన సన్న పైపు. త్రీడీ ప్రింటింగ్‌లో చేయొచ్చుగా అని చాలామంది అడిగారు. చేయొచ్చు. పొరల మధ్య నుంచి నీళ్లు చెమర్చడం చూసి చూసి విసుగొచ్చింది, రెండు పూతలు వేసినా మీటరు లోతులో నమ్మకం లేదు. సన్నబడే భాగం ఒక్కటే ప్రింట్ చేశాను. మిగతాదంతా పైపే. అతుకులకు అరాల్డైట్, అదీ నెమ్మదిగా గట్టిపడే రకం. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు తొందరపడేవాళ్లకు, తర్వాత మళ్లీ అతికించుకునేవాళ్లకు.

పొడిగా బరువు 1,080 గ్రాములు, అడుగున పోసిన సీసంతో కలిపి. ట్యాంకులో పట్టే నీళ్లు 1,150. మొత్తం 2,230 గ్రాములు. లెక్క ప్రకారం సరిగ్గా 91 సెం.మీ. మునగాలి. మొదటిసారి వాల్వ్ లీకైంది, దాని గురించి రాయడం దండగ (ఆ చౌక వాల్వ్ పేరు కూడా రాయను, మార్చేశాను). రెండోసారి లేచింది. మొదట్లో నింపాదిగా, 20 డిగ్రీలు దాటాక ఒక్కసారిగా, నిద్రలోంచి ఎవరో తట్టి లేపినట్టు. చూసి చప్పట్లు కొట్టుకున్నాను. తర్వాత చూస్తే పక్కకు ఒరిగి ఉంది.

వంపు కొలవడానికి నా దగ్గరున్నది దారానికి కట్టిన నట్టు, కోణమానిని, ఫోనుతో తీసిన ఫోటో. వంపు 8 డిగ్రీలు. మూడోసారి 11. నాలుగోసారి 13, 14 మధ్య. ప్రతిసారీ ఒకే వైపు, క్యాబిన్ ఉన్న వైపు.

ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. క్యాబిన్, అందులోని బ్యాటరీ, రెయిలింగులు అన్నీ ఒకే పక్కన ఉన్నాయి. బరువు అటు లాగుతోంది. ఎదురు పక్క మధ్యగీతకు 5 సెం.మీ. దూరంలో 50 గ్రాముల సీసం బిగించాను. ఐదోసారి మూత సరిగ్గా బిగించక లెక్కలోకి రాలేదు. ఆరోసారి వంపు 5 డిగ్రీలకు తగ్గింది. పైగా నీటిగీత పొల్లు పోకుండా 91 సెం.మీ. దగ్గర! ఇక్కడే మోసపోయాను. అంతకుముందు మూడుసార్లూ ఓడ గీతకన్నా పైకి తేలుతోందని పుస్తకంలో రాసుకున్నాను గానీ పట్టించుకోలేదు. ఇప్పుడు గీత కలిసిందని మురిసిపోయాను. నిజానికి ట్యాంకులో చేరని 50 గ్రాముల నీళ్ల బదులు నేను 50 గ్రాముల సీసం పెట్టాను, అంతే.

ఏడోసారి అదే ఓడ, అదే సీసం, అదే నీళ్లు. గీత 2.5 సెం.మీ. కిందికి మునిగింది, వంపు 3 డిగ్రీలు. ఎనిమిదోసారి కాస్త పైకి తేలింది, వంపు 6 దాటింది. అప్పుడు బుర్ర పనిచేసింది. బరువు ఒక పక్కన ఉండటమే కారణమైతే వంపు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. సీసానికి కాళ్లు లేవు, బ్యాటరీకీ లేవు. మారుతున్నది ఇంకేదో ఉంది.

పుస్తకం తెరిచి సీసం పెట్టకముందు అంకెలు పక్కపక్కన రాశాను. 2.4 సెం.మీ. పైకి తేలినప్పుడు 8 డిగ్రీలు. 4 సెం.మీ. తేలినప్పుడు 11. 4.8 తేలినప్పుడు 13, 14. ఎంత పైకి తేలితే అంత వంగుతోంది. నీటిగీత దగ్గర పైపు 40 మి.మీ. కదా, అక్కడ ఒక సెంటీమీటరంటే పన్నెండున్నర గ్రాముల నీళ్లు. 4 సెం.మీ. అంటే 50 గ్రాములు. అంటే ట్యాంకులో 50 గ్రాముల నీళ్లు తక్కువ, ఆ చోట గాలి ఉండిపోయింది.

యాభై గ్రాముల నీళ్ల చోటులో ఉన్న గాలికి ఇంత వంపా? నమ్మలేదు, లెక్క వేశాను. నిలబడ్డప్పుడు ఉత్ప్లవన కేంద్రం (నీళ్లు ఓడను పైకి నెట్టే బలం పనిచేసే చోటు) బరువు కేంద్రం కన్నా 2 సెం.మీ. పైన ఉంది. మీటరు పొడవు ఓడను నిటారుగా పట్టి ఉంచేది ఆ 2 సెంటీమీటర్లే. అంత గాలి మధ్యలో చిక్కితే ఓడ 4 సెం.మీ. లేస్తుంది, పై కొన దగ్గర మునిగిన భాగం తగ్గుతుంది, దాంతో ఉత్ప్లవన కేంద్రం 1.2 సెం.మీ. కిందికి జారుతుంది. బరువు కేంద్రం జారేది 0.2 మాత్రమే. 2 కాస్తా 1 అవుతుంది. పట్టు సగమైపోతే, క్యాబిన్ బరువు వల్ల రావలసిన ఐదున్నర డిగ్రీల వంపు 11 అవుతుంది. నా పుస్తకంలో ఉన్న అంకె అదే. ఆ క్షణంలో వచ్చిన సంతోషం ఓడ లేచినప్పుడు కూడా రాలేదు.

గాలి ఉందని తేలింది, ఎక్కడ ఉందన్నది తేలాలి. ట్యాంకుకు పైకప్పులా ఉండే అడ్డుపలక వంకరగా అతికానేమోనని ఒక రోజంతా మూలమట్టం పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది. ఎనిమిదోసారి తర్వాత వాల్వులన్నీ మూసి, బయటికి తీసి, తుడిచి, తూకం వేశాను. 60 గ్రాములు తక్కువ. ట్యాంకు లోపలి వైశాల్యం 27 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే గాలి పొర మందం 22 మి.మీ. నీళ్లు వదిలేసి, ఫోనుకు తగిలించే ఎండోస్కోపు కెమెరా తోకలోని రంధ్రంలోంచి దూర్చాను. పైన అడ్డుపలక నుంచి గాలి బయటికి పోయే సిలికాన్ గొట్టం వేలాడుతోంది, రెండు సెంటీమీటర్లకు పైగా పొడవున, పిల్లి తోకలా వంకర తిరిగి.

అతికేటప్పుడు 25 మి.మీ. ఎక్కువ వదిలాను, తర్వాత కత్తిరిద్దామని. తర్వాత మూత అతికేశాను, కత్తిరించడం మరిచిపోయాను. ఓడ లేచే కొద్దీ నీళ్లు ట్యాంకులో పైకి వస్తాయి. గొట్టం మూతి మునగ్గానే గాలికి దారి మూసుకుపోతుంది, మూతికి పైనున్నదంతా లోపలే ఉండిపోతుంది. మెత్తటి గొట్టం కాబట్టి ఒకసారి 7 మి.మీ. దగ్గర, ఒకసారి 22 దగ్గర ఆగుతుంది. అందుకే ప్రతిసారీ వేరే అంకె. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, బుడబుడలు అనుకున్న దానికన్నా ముందే ఆగిపోయేవి. విన్నాను కూడా. ట్యాంకు నిండిందనుకున్నాను.

పైపు కోయక తప్పలేదు. ఆ చోట ఇప్పుడు ఓ-రింగు జాయింటు (రబ్బరు వలయంతో బిగిసేది, విప్పుకోవచ్చు) పెట్టాను, మొదటే పెట్టుకోవాల్సింది. సిలికాన్ తీసేసి 4 మి.మీ. ఇత్తడి గొట్టం, అడ్డుపలకతో సమానంగా అరగదీసి. ఓడను తలకిందులు చేసి పలక మీద ఎపాక్సీని గరాటులా మెత్తాను, గొట్టం రంధ్రం గరాటు అడుగున వచ్చేలా. నిలబడ్డప్పుడు అదే ట్యాంకులో అన్నిటికన్నా ఎత్తైన చోటు. ఎదురు సీసం పీకేశాను. వరుసగా మూడుసార్లు లేపితే మూడుసార్లూ 91 సెం.మీ., మూడుసార్లూ ఐదున్నర డిగ్రీలు. వంపు ఉన్నా అది మారకుండా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో! క్యాబిన్‌లో 140 గ్రాముల బ్యాటరీని 3 సెం.మీ. అటు జరిపాను. నిన్న రాత్రి ఒక డిగ్రీ కూడా లేదు.

మిగతావి: వేలితో కిందికి నొక్కి వదిలితే పైకీ కిందికీ ఒక ఊపుకు 2.8 సెకన్లు. ఈ స్కేలులో కాలం పది రెట్లు (నూరుకు వర్గమూలం) కాబట్టి 28. అసలు ఓడకు సుమారు 27. మామూలు అలల కన్నా చాలా నింపాది కాబట్టే అది అలలతో పాటు ఎగరదు. గాలి గొట్టానికి క్లిప్పు పెట్టి నొక్కితే లేవడానికి 2 నిమిషాల 40 సెకన్లు పడుతోంది. అసలుది 20 నుంచి 30 నిమిషాలు తీసుకుంటుంది, సరిపోయింది.

తిరిగి పడుకోబెట్టడం ఇంకా గలీజుగా ఉంది. చిన్న డయాఫ్రం పంపుతో గాలి కొడితే చాలాసేపు ఏమీ జరగదు, తర్వాత దబ్బున పడుతుంది, సంపు నీళ్లన్నీ నా మొహాన. ట్యాంకును రెండుగా విడదీసి ముందు ఒకటి, తర్వాత ఒకటి ఖాళీ చేస్తే నెమ్మదిస్తుందనుకుంటున్నాను. ఉప్పునీళ్లలో దించే రోజు వస్తే 55 గ్రాములు అదనంగా వేయాలి, లేకపోతే మళ్లీ నాలుగైదు సెంటీమీటర్లు పైకి తేలి పాత కథే మొదలవుతుంది. ఆ సీసం తోక కొననే వేస్తాను, పైన మాత్రం వేయను.

షెల్ఫులో ఉన్న పాత నమూనాల్లో రోటర్ ఓడ (తెరచాపల బదులు తిరిగే నిలువు స్తంభాలతో గాలికి నడిచేది) బుకావ్ బాగానే తిరుగుతోంది. ముక్కూ తోకా మార్చుకుంటూ పోయే తెరచాప పడవ ప్రోవా కూడా సరే.

తర్వాతిది నిర్ణయమైపోయింది: నొవ్‌గొరొద్. 1873 నాటి రష్యన్ యుద్ధనౌక, పుట్టిలా పూర్తిగా గుండ్రం, వ్యాసం 30.8 మీటర్లు, ఆరు ఇంజిన్లు, ఆరు ప్రొపెల్లర్లు. అడ్మిరల్ పొపోవ్ ఆలోచన. దాన్ని చూసి నవ్వేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం తక్కువ లోతులో బరువైన ఫిరంగులు మోయడానికి అది మొండిగానే అయినా తెలివైన జవాబు అనిపిస్తుంది. ఆరు మోటార్లలో ఒక పక్కవి ముందుకు, ఇంకో పక్కవి వెనక్కు తిప్పితే ఎంత వేగంగా గిర్రున తిరుగుతుందో కొలవాలి. 1:100లో 31 సెం.మీ. గుండ్రటి పొట్టు కావాలి. కొలతటేపు పట్టుకుని వంటింట్లో రెండుసార్లు తిరిగాను. పెద్ద బేసిన్లన్నీ ఇప్పుడు పై అరలోకి వెళ్లిపోయాయి.