పర్లాకిమిడి అవతల మూడు నూతులు

ఎండ ముదరకముందే సైటుకి చేరుకున్నాం. పర్లాకిమిడి దాటాక మహేంద్రతనయ వైపు వాలుగా ఉండే పల్లపు భూమి. అక్కడో కల్యాణ మండపం, వెనకాల ఇళ్ళ ప్లాట్లు వెయ్యాలని ఓనరుగారి ఆలోచన. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చెప్పమని మమ్మల్ని పిలిచారు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయని అడిగే ఓనరు నాకింకా తగల్లేదు.

రికార్డులో ఆ భూమి కిసమ్ (భూమి రకం) ‘శారద’, అంటే వరి పల్లం. మ్యాపులో దాని పక్కనే సన్నగా ఒక నాల, అంటే వాననీళ్ళు పోయే కాలువ, ఉంది. సైటులో చూస్తే లేదు, మట్టి తోలి చదును చేసేశారు. ముళ్ళకంచెకి మాత్రం నడుమెత్తున ఎండుగడ్డి, కవర్లు చుట్టుకుని ఉన్నాయి.

కింది ఇంటి మామ్మని అడిగాను. ‘తిత్లీకి ఇదిగో, ఇంతొరకూ ఒచ్చీసింది బాబూ’ అని గోడమీద చెయ్యి పెట్టి చూపించింది. 2018 అక్టోబరు 11న ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి కొండల మీద కురిసిన వాన ఇక్కడి గెడ్డల్లోంచే, అంటే వాగుల్లోంచే, కిందికి దిగింది. ఆవిడ చెయ్యి పెట్టిన చోటికి టేపు పెట్టి కొలిచి రాసుకున్నాను.

చుట్టూ మూడు నూతులు దొరికాయి. నాకిష్టమైన పని ఇదే. స్టీలు టేపు చివర సుద్దముక్క బాగా రుద్ది, బరువు కట్టి, నీళ్ళలో కాస్త మునిగేదాకా వదలాలి. పైకి లాగితే తడిసినంత మేర సుద్ద రంగు మారుతుంది. గట్టు అంచున పట్టుకున్న అంకెలోంచి ఆ తడి పొడవు తీసెయ్యాలి, తర్వాత నేల నుంచి లోతు రావాలంటే గట్టు ఎత్తూ తీసెయ్యాలి. కొత్త కుర్రాళ్ళు ఈ రెండోది మర్చిపోతుంటారు.

‘ఏటి బాబూ, నూతికి కొలతలు తీస్తన్నావు, సొక్కా కుట్టిస్తావేటి?’ అంది మామ్మ. మా కుర్రాడు నవ్వు ఆపుకోలేక టేపు వదిలేసేవాడే.

మూడు గట్ల ఎత్తులూ లెవెల్ మెషీన్‌తో కట్టాం. మూడు చోట్ల నీటిమట్టం తెలిస్తే భూమిలో నీళ్ళు ఎటు నడుస్తున్నాయో కాగితం మీద గీసెయ్యొచ్చు. చెట్టుకింద కూర్చుని గీశాను. ప్లానులో సెప్టిక్ ట్యాంకు, దాని నీళ్ళు మట్టిలోకి ఇంకే సోక్ పిట్ గొయ్యి పెట్టిన మూల నుంచి సూటిగా మామ్మ నూతివైపే. కింది నాలుగిళ్ళవాళ్ళూ తాగేది ఆ నూతి నీళ్ళే. ఇప్పుడు మే నెల కాబట్టి మట్టం దిగి ఉంది. వానలు పడి అది పైకొస్తే సోక్ పిట్ అడుగు నీళ్ళలోనే ఉంటుంది, మురుగుని వడకట్టడానికి మధ్యలో పొడిమట్టి మిగలదు.

ఇక్కడి రాయి ఖోండలైటు. పైపొర మెత్తబడి ఎర్రమట్టి, బంకమట్టి అయిపోతుంది. ఆ బంక నీళ్ళు పట్టుకుంటుంది గానీ ఓ పట్టాన వదలదు. బోరుకి ఆధారం కింది రాతిలోని పగుళ్ళే. భూమిలోకి కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ సర్వేలో ఒకచోట ఆశ కనిపించింది. పెళ్ళిళ్ళ సీజన్లో మోటరు రోజంతా నడిస్తే పక్క నూతుల సంగతేమిటన్నది పంపింగ్ టెస్టులో తేలాలి, బోరు తోడుతున్నంతసేపూ ఆ నూతుల మట్టం కొలుస్తూనే ఉండాలి.

శాంపిళ్ళ పని యథావిధిగా అయింది: ఇనుము చూసే సీసాలో నైట్రిక్ యాసిడ్, బాక్టీరియా సీసా ఐసు పెట్టెలో. చుట్టూ యూరియా చల్లే పొలాలే, అందుకే నా అనుమానం నైట్రేట్ మీద. తాగే నీళ్ళలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. బాక్టీరియా సీసా 24 గంటల్లో ల్యాబుకి చేరాలని టెన్షన్. బరంపురం బస్సు డ్రైవరుని బతిమాలి పెట్టె ఎక్కించాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే ఓనరుగారి ఫోను. ‘బోరు పడుతుందా సార్?’

‘పడొచ్చండి. ముందు నాల సంగతి చూడండి. ఎకరం మీద సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్లు. ఇన్నాళ్ళూ వరి గట్లు ఆపాయి. మీరు సిమెంటు వేస్తే అదంతా వెంటనే కింది ఇళ్ళమీద పడుతుంది. సెప్టిక్ ట్యాంకు కూడా ఆ మూల నుంచి మార్చాలి.’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ప్లాను మళ్ళీ గీయించాలంటే ఎంతవుతుందని అడిగారు. అది ఇంజనీరుగారిని అడగమన్నాను. నాల తవ్వించడానికి జేసీబీ రేటు మాత్రం నేనే చెప్పాను.